ఎర్ర వరద

పశ్చిమాఫ్రికాలోని నైజర్ దేశ రాజధాని నియామే దగ్గర నైజర్ నది ఏడాదికి రెండుసార్లు పొంగుతుంది. మొదటి పొంగు ఆ చుట్టుపట్ల కురిసిన వానది. బుర్కినా ఫాసో వైపు నుంచి వచ్చే గొరువోల్, దర్గోల్, సిర్బా అనే మూడు ఉపనదులు ఆ నీటిని ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో తెచ్చి నదిలో పోస్తాయి. ఇనుపరాయి నేలల మీదుగా వస్తాయి కనుక ఆ నీళ్లు ఇటుక రంగులో ఉంటాయి. అక్కడ దాన్ని ఎర్ర వరద అంటారు. రెండోది గినీ వరద. ఎక్కడో పడమటి కొండల్లో కురిసిన నీరు మాలీలోని విశాలమైన చిత్తడినేలల్లో నెలల తరబడి పరుచుకుని, మట్టినంతా అక్కడే దించేసి, చుక్క వాన లేని డిసెంబరు, జనవరి నెలల్లో తీరుబడిగా నియామే చేరుతుంది. 1929 నుంచి ఆ ఊళ్లో నది మట్టాన్ని కొలుస్తున్నారు. చాలాకాలం పాటు గినీ వరదే పెద్దది, ఎర్ర వరద దానికి ముందు వచ్చే చిన్న పొంగు. 1980ల నుంచి ఆ వరస మారుతూ వచ్చింది. నేను అక్కడ ఉన్న 2012లో ఎర్ర వరద అంతకుముందు ఎన్నడూ లేనంత ఎత్తున వచ్చింది.

హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులో ఉన్న ఇక్రిశాట్ అనే వ్యవసాయ పరిశోధన సంస్థకు నైజర్ దేశంలో ఒక కేంద్రం ఉంది. నియామేకు దక్షిణాన నలభై కిలోమీటర్ల దూరంలో, సదోరె అనే ఊరి దగ్గర. నేల నీటిని ఎంత వేగంగా తాగుతుందో కొలిచే పనికి కుదిరి నేను అక్కడికి వెళ్లాను. మాది అనంతపురం జిల్లా, కళ్యాణదుర్గం వైపు. మా దగ్గర ఏడాదికి కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లు. నియామేలోనూ దాదాపు అంతే. ఈ ఒక్క అంకె చూసి, ఇదీ మన ఊరి లాంటిదేలే అనుకుంటూ విమానం దిగాను. కానీ మా దగ్గర ఆ వాన జూన్ నుంచి నవంబరు దాకా, రెండు రుతుపవనాల్లో, అప్పుడింత ఇప్పుడింతగా పడుతుంది. అక్కడ జూన్‌లో మొదలై సెప్టెంబరుతో సరి. అదీ మెల్లగా ముసురు పట్టే వాన కాదు. తూర్పున దుమ్ము గోడలా లేస్తుంది. పట్టపగలు లైట్లు వేసుకోవాల్సినంత చీకటి కమ్ముతుంది. కిటికీలు మూసే లోపల గాలి, ఆ వెనకే వాన. గంటకు వంద మిల్లీమీటర్ల లెక్కన ఓ పావుగంట దంచికొట్టి పడమటికి వెళ్లిపోతుంది. ఆ పావుగంటలో పడ్డ నీటిని నేల పట్టుకుందా, వదిలేసిందా అన్నదాని మీదే అక్కడి సజ్జ చేను, పశువు, నది గట్టున ఉన్న ఇల్లు, అన్నీ ఆధారపడి ఉంటాయి.

నా పనిముట్లు చాలా సాదా. ఒకదాంట్లో ఒకటి పట్టే రెండు ఇనుప వలయాలు, ఒక సుత్తి, ఒక స్కేలు, నీళ్ల డబ్బాలు, గడియారం. వలయాలను నేలలోకి కొద్దిగా దిగగొట్టి, రెండింట్లోనూ నీళ్లు పోసి, లోపలి వలయంలో నీటిమట్టం ఎంతసేపట్లో ఎంత పడిందో రాసుకోవడమే. కొత్తగా కలుపు తీసిన ఇసుక చేలో పోస్తే పోసిన నీళ్లు పోసినట్టే దిగిపోయేవి. డబ్బాలు మోసే కుర్రాళ్లు విసుక్కునేవాళ్లు. అక్కడికి ఇరవై అడుగుల దూరంలోనే, ఏమీ మొలవక నున్నగా మెరుస్తున్న మచ్చ మీద వలయం పెడితే మట్టం కదిలేది కాదు. నీడ జరిగేది గానీ నీళ్లు దిగేవి కావు.

ఆ మెరిసే మచ్చల సంగతే నేను అక్కడ ఎక్కువగా నేర్చుకున్నది. ఆకు నీడ గానీ, రాలిన ఆకుల పరుపు గానీ లేని నేల మీద వాన చినుకు సూటిగా పడితే పైమట్టి రేణువులు విడిపోతాయి. సన్నని రేణువులు సందుల్లోకి దిగి కూరుకుంటాయి. ఎండగానే అప్పడమంత పలచని పెచ్చు కట్టుకుంటుంది. వేలితో ఎత్తితే ముక్కలుగా వస్తుంది. కింద మంచి ఇసుకే, ఎంత నీరైనా తాగగల ఇసుకే. అయినా ఆ పైపెచ్చు చాలు, పడ్డ వానలో సగానికి పైగా పక్కకు పారిపోవడానికి. కలుపు తీసినప్పుడల్లా రైతు ఆ పెచ్చును చీలుస్తాడు. రెండు మూడు గట్టి వానలకు అది మళ్లీ కట్టుకుంటుంది. మా అనంతపురం ఎర్రనేలలదీ ఇదే స్వభావం. విత్తనం వేశాక పెద్ద వాన పడి ఎండ కాస్తే బుడ్డల (వేరుసెనగ) మొలక పైకి రాలేక లోపలే వంకర తిరిగిపోవడం చిన్నప్పటి నుంచి చూసినదే. మొలకకు అడ్డం వచ్చే ఆ పెచ్చే నీటికీ అడ్డమని, వలయం పక్కన కూర్చుని గడియారం చూస్తే తప్ప నాకు తట్టలేదు.

ఇక రాతిమిట్టలు. నియామే చుట్టూ ఇనుపరాయి కప్పుకున్న బల్లపరుపు మిట్టలు ఉంటాయి. విమానంలోంచి చూస్తే వాటి మీద పొదలు చారలు చారలుగా కనిపిస్తాయి. ఒక చార పొద, ఒక చార బోడి నేల, మళ్లీ పొద. ఫ్రెంచివాళ్లు దాన్ని పులిచారల అడవి అన్నారు. అందులో ఉన్న ఏర్పాటు చూస్తే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. బోడి చార మీద పడ్డ వాన నిలవదు, దిగువన ఉన్న పొదల చారలోకి పారుతుంది. అక్కడ వేర్లు, రాలిన ఆకు, చెదలు తొలిచిన బొరియలు ఉంటాయి. నీరంతా అక్కడ దిగిపోతుంది. రెండు చారల వానతో ఒక చార పొద బతుకుతుంది. మిట్ట దాటి నీరు కిందికి వచ్చేది చాలా తక్కువ. ఇప్పుడా పొదలు కొట్టేయండి. బోడి చార అలాగే ఉంటుంది, తాగే చార పోతుంది. ఎండుపుల్ల లేకపోతే చెదలకు తిండి లేదు, చెదలు లేకపోతే బొరియలు పూడిపోతాయి. మిట్ట మొత్తం ఒకే పెచ్చు అవుతుంది. దాని మీద పడ్డ ప్రతి వాన అంచు దాటి వాలులోకి, వాలులోంచి గండిలోకి, గండిలోంచి వాగులోకి దూకుతుంది. ఎండిన వాగును అక్కడ కోరి అంటారు.

కొట్టింది ఎవరని అడిగితే వేలెత్తి చూపడానికి ఒక మనిషి దొరకడు. స్వాతంత్ర్యం వచ్చిన 1960లో ఆ దేశ జనాభా ముప్ఫై లక్షల పైచిలుకు. 2012 జనగణనకు కోటీ డెబ్బై లక్షలు దాటింది. వేలల్లో ఉన్న నియామే జనం పది లక్షలయ్యారు. ఆ పది లక్షల మందికి పొయ్యిలోకి కట్టెలే. ఏ దారిన ఊళ్లోకి వెళ్తున్నా కట్టెల మోపులతో గాడిద బండ్లు, ఒంటెలు, వెనకభాగం నేలకు ఒరిగిన లారీలు ఎదురయ్యేవి. అందులో డబ్బు చేసుకున్నవాళ్లు ఉండే ఉంటారు. నేను చూసిన కట్టెలవాళ్లంతా మాత్రం పంట పోయిన రైతులే.

సదోరె దాటాక ఒక పల్లెలో ఒక పెద్దాయన చేలో మా వలయాలు తరచుగా దిగేవి. నేనూ, మా డ్రైవరూ ఆయన్ని బాబా అనే పిలిచేవాళ్లం. నా ఫ్రెంచి అంతంత మాత్రం. ఆయన జర్మా భాషలో చెబితే డ్రైవరు నాకు ఫ్రెంచిలోకి మార్చేవాడు. మధ్యాహ్నం సజ్జపిండి కలిపిన మజ్జిగ ఒక కర్ర గరిటెతో వంతులవారీగా తాగేవాళ్లం. ఒకరోజు మునగాకు ఉడికించి వేరుసెనగ పొడి కలిపి పెట్టారు. కొప్తో అంటారట. మా అవ్వ చేసిన మునగాకు పొడికూర కళ్లముందు మెదిలింది. ఆ దేశంలో మునగాకు విరివిగా తింటారు.

తన తండ్రి కాలంలో చేను నాలుగైదేళ్లు పండాక వదిలేసేవాళ్లమని బాబా చెప్పాడు. పొద మనిషి ఎత్తు దాటేదాకా దాని జోలికి వెళ్లేవాళ్లు కాదట. పది, పదిహేనేళ్లు. ఆ తర్వాత అది మూడేళ్లయింది. కొడుకులు వేరుపడ్డాక అదీ లేదు, ఏటా సజ్జలే.

"చెట్లు మీరే కొట్టారా బాబా?" అని అడిగాను.

"సగం కరువు కొట్టింది. మిగతా సగం మేం కొట్టాం" అన్నాడు. 1973, 1984 కరువుల్లో నిలువునా ఎండిన చెట్ల గురించి చాలాసేపు చెప్పాడు. ఎండిన చెట్టును వదిలేస్తే ఇంకొకరు పట్టుకుపోతారు. పచ్చి చెట్టును కాపాడుకుందామంటే అది సర్కారుది, తన చేలోదైనా సరే. కొమ్మ నరికితే ఫారెస్టు గార్డు జరిమానా వేసేవాడు. అలాంటప్పుడు మొలకను ఎవరు పెంచుతారు, దున్నకంలో తీసిపారేయడమే తేలిక అన్నాడు. వలసపాలన రోజుల నుంచి ఉన్న ఆ చట్టం తర్వాత సడలింది. అప్పటికి ఆయన చేలో చెట్లు లేవు.

ఆయన చెప్పిన మరో మాట నన్ను చాలా రోజులు కుదురుగా ఉండనివ్వలేదు. కరువు రోజులకు ముందుకంటే ఇప్పుడు ఊరి పక్క కోరి ఎక్కువ పారుతోందన్నాడు. వాన తగ్గాక వాగు పెరగడమా? ముసలితనపు మాట అనుకోవడానికి లేదు. 1980ల చివర్లోనే ఫ్రెంచి జలశాస్త్రవేత్తలు బుర్కినా ఫాసోలో ఈ వింతను కొలిచి రాశారు. 1970 తర్వాత ఇరవై ముప్ఫై ఏళ్లు, సహారా ఎడారి దక్షిణపు అంచున ఉన్న సాహెల్ ప్రాంతంలో వాన బాగా తగ్గింది. అయినా అక్కడి చిన్న నదుల్లో పారే నీరు పెరిగింది. నకంబే నదిలో పెరిగింది, సిర్బాలో పెరిగింది. దీనికి సాహెల్ విరోధాభాసం అని పేరు పెట్టారు. నైజర్ పెద్దనది మాత్రం అప్పుడు చిక్కిపోయింది, ఎందుకంటే దాన్ని నింపేది గినీ కొండల వాన. 1985 వేసవిలో నియామే దగ్గర దాని ప్రవాహం దాదాపు నిలిచిపోయింది. అదే కాలంలో, అదే కరువులో, ఎర్ర వాగులు బలం పుంజుకుంటున్నాయి.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, లేకపోతే సగమే చెప్పినట్టవుతుంది. బాబా ఊరి బావిలో నీటిమట్టం పైకి వచ్చింది. అడవి పోయాక! నైరుతి నైజర్‌లో 1960ల నుంచి భూగర్భ జలమట్టం నాలుగు మీటర్ల దాకా పెరిగిందని కొలతలున్నాయి. పారిన నీళ్లు వాగు చివరి పల్లాల్లో చేరి, చిన్న చిన్న కుంటలై, వాటి అడుగు నుంచి నేలలోకి దిగుతున్నాయి. లోతు వేర్లతో తాగే చెట్లూ తగ్గాయి. అంటే నీరు మాయం కాలేదు, చోటు మారింది. చేనుకు దక్కాల్సింది బావికీ, వరదకూ పోయింది. వెయ్యి అడుగుల బోరు వేసినా తడి తగలని మా ఊరి నుంచి వచ్చినవాడిని, ఆ బావి గట్టు మీద నిలబడి ఎటు చూసి సంతోషించాలో తెలియలేదు.

2011లో అక్కడ వానలు మొహం చాటేశాయి. పంట పోయింది. 2012 వేసవి నాటికి దేశంలో అరవై లక్షల మందికి పైగా తిండికి కటకటలాడుతున్నారు. సంతలో సజ్జల బస్తా ధర చూసి మా డ్రైవరు బస్తా కొనడం మానేసి గిన్నెల లెక్కన కొనేవాడు. రంజాను ఉపవాసాలు ఆ ఏడు జూలై, ఆగస్టుల్లో వచ్చాయి. ఉపవాసాలు సాగుతుండగానే వానలు ఊపందుకున్నాయి, ఈసారి బాగానే. సజ్జ చేలు పచ్చబడ్డాయి. అందరి మొహాల్లోనూ వెలుగు. పండగ ఆగస్టు 19న.

ఆ పండగ రోజుల్లోనే నది వచ్చింది. ఆ పొద్దు నియామే మీద ఆకాశం నిర్మలంగా ఉంది. ఎండ కాస్తోంది. నీళ్లు పెరుగుతున్నాయి. ఎగువన సిర్బా వైపు ముందురోజుల్లో కురిసిన వాన అది.

మా డ్రైవరు ఇల్లు కుడి గట్టున లోతట్టు పేటలో. తెల్లవారుజామున ఫోను చేశాడు. "పత్రోన్ (అయ్యా), బండి కావాలి. సామాను తేవాలి" అన్నాడు. పెద్దవాళ్లకు చెప్పి బండి తీసుకుని ఇద్దరం కెనెడీ వంతెన మీదుగా వెళ్లాం. వంతెన మీద జనం ఎదురు వస్తున్నారు. నెత్తిన పరుపులు, చంకలో పిల్లలు, తాడు కట్టిన మేకలు. కొందరు ఆడవాళ్లు సజ్జలు దంచే కొయ్య రోళ్లను దొర్లించుకుంటూ వస్తున్నారు. పిల్లలు పండగకు కుట్టించిన కొత్త బట్టలతోనే ఉన్నారు, మోకాళ్ల దాకా ఎర్రమట్టి. కింద నది నిండుగా, ఇటుక రంగులో, గుర్రపుడెక్క తెప్పలను తోసుకుంటూ పోతోంది. వంతెన మధ్యలో ఆగి చూస్తున్న ఒక ముసలి జాలరి వచ్చేపోయేవాళ్లకు చెబుతున్నాడు: ఇది మాలీ నీళ్లు కాదు, రంగు చూడండి, ఇది మన నీళ్లే. ఆ జనంలో ఆయన మాట ఎవరు విన్నారో గానీ నేను విన్నాను.

లమోర్దె, కరాజె, కిర్కిసోయె పేటల్లో వీధులు మునిగాయి. అక్కడి ఇళ్లు ఎక్కువగా పచ్చి ఇటుకవి. ఆ గోడ నీటికి ఒక్కసారిగా కూలదు. అడుగు నానుతుంది, మెత్తబడుతుంది, పైభాగం నిలబడే ఉంటుంది. లోపలికి వెళ్లి ఇంకో మూట తెచ్చుకోవచ్చు అనిపిస్తుంది. అదే ప్రాణం తీసేది. మా డ్రైవరు భార్య వద్దని ఏడుస్తున్నా అతను రెండోసారి లోపలికి వెళ్లి సగం తడిసిన సజ్జల మూట భుజాన వేసుకుని వచ్చాడు. ఆ మూట కోసం ప్రాణం మీదికి తెచ్చుకున్నాడని ఎవరూ అనలేదు. ఆ ఏడాది అది ఎంత విలువైనదో అక్కడ అందరికీ తెలుసు. మేము సామాను బండిలో వేస్తుండగా పక్కింటి వెనక గోడ పడింది. పెద్ద చప్పుడేమీ లేదు, మట్టి నీళ్లలోకి జారిపోయింది. ఆ ఇంట్లో అప్పటికి ఎవరూ లేరు.

నది గట్టు వెంబడి వరి మళ్లన్నీ మునిగాయి. గట్టు మీద సలాడ్ ఆకు, మునగ పెంచుకునే ఆడవాళ్ల మడులు కనిపించకుండా పోయాయి. వీధుల్లో దోనెలు తిరిగాయి. బడులన్నీ ఆశ్రయాలయ్యాయి. గదికి నాలుగైదు కుటుంబాలు, ఆరుబయట మూడు రాళ్ల పొయ్యిలు. ఆ పొయ్యిల్లోకి మళ్లీ కట్టెలే కావాలి, ఆ కట్టెలు మళ్లీ ఆ మిట్టల మీంచే రావాలి. ఆ వానాకాలం ముగిసేసరికి నైజర్ దేశం మొత్తం మీద ఐదు లక్షల మందికి పైగా నష్టపోయారు. పదుల సంఖ్యలో చనిపోయారు. తిండి లేక బక్కచిక్కిన జనానికి నీళ్లలో నిలబడాల్సి వచ్చిందే అని నాకు దుఃఖం పొంగింది. ఇప్పుడు రాస్తుంటే కూడా అదే దుఃఖం.

తర్వాత రోజుల్లో విన్న మాటలన్నీ ఆకాశం గురించో, కరకట్ట గురించో. కట్ట ఇంకో మీటరు ఎత్తు ఉంటే సరిపోయేది అన్నవాళ్లున్నారు. దైవ నిర్ణయం అన్నవాళ్లున్నారు. ఆ ఏడు వాన బాగానే కురిసింది, నిజమే. కానీ 1950లలో, 60లలో అంతకంటే మంచి వానాకాలాలు గడిచాయి, అప్పుడు ఎర్ర వరద ఇంత ఎత్తుకు రాలేదు. ఆ వానను అప్పటి నేల తాగింది. ఇది నా ఊహ కాదు. నియామే వరదల మీద ఆ తర్వాత జరిగిన అధ్యయనాల్లోనూ వాన లెక్క ఒక్కటే సరిపోలేదు. నేల మీది కప్పు మారడం, కొత్త వాగులు నదిలో కలవడం కలిపితేనే పెరిగిన నీటికి లెక్క కుదిరింది.

కొత్త వాగులు కలవడం అంటే ఏమిటో సెప్టెంబరు చివర కళ్లారా చూశాను. నదికి కొంత దూరంలో ఒక కోరి ఉండేది. అది నది దాకా వచ్చేది కాదు. ఇసుక దిబ్బల వెనక ఒక పల్లంలో ఆగి, కుంటగా నిలిచి, ఇంకిపోయేది. నైజర్‌లో చాలా వాగుల తీరు అదే. మిట్ట మీంచి వచ్చే నీరు ఏటికేడు పెరిగి, పల్లాన్ని ఇసుకతో నింపేసి, ఆ ఏడు దిబ్బను కోసుకుని నదిలోకి దారి చేసుకుంది. తెగిన చోట గోడలు నిట్టనిలువుగా, నా ఎత్తుకు రెండింతలు. నదిలో కలిసే దగ్గర ఇసుక విసనకర్రలా పరుచుకుంది. ఆ మేరకు నది గర్భం పూడింది, వచ్చే ఏటి నీటికి చోటు అంత తగ్గింది. నిన్నటిదాకా నదికి ఒక్క చుక్క ఇవ్వని పరీవాహకం ఇప్పుడు నది సొత్తు. దాన్ని మళ్లీ మూయడం ఎవరి తరమూ కాదు.

2013 ఎండాకాలంలో బాబా ఊరి వాలులో అర్ధచంద్రాలు తవ్వారు. నాలుగు మీటర్ల వెడల్పున వాలుకు అడ్డంగా అరచక్రం తవ్వి, ఆ మట్టినే దిగువ అంచున కట్టగా పోస్తారు. హెక్టారుకు 313 పట్టేలా వరసలు తప్పించి తవ్వాలి. ఏప్రిల్ ఎండలో, నలభై డిగ్రీలు దాటిన వేడిలో, పెచ్చు కట్టిన గట్టినేలను గడ్డపారలతో. ఒక్కో అర్ధచంద్రానికి ఇంత అని కూలి. ఊళ్లో ఆడవాళ్లు, మగవాళ్లు అందరూ వచ్చారు. లోపల పేడ ఎరువు వేశారు. తొలి పెద్ద వాన తర్వాత పొద్దున్నే వెళ్లి చూస్తే ప్రతి అరచక్రంలోనూ నీళ్లున్నాయి. అంతకుముందు మెరిసే మచ్చగా, నా వలయంలో నీరు కదలకుండా కూర్చున్న అదే వాలు. వారం తిరక్కుండా సజ్జ మొలిచింది.

బాబాను అడిగాను, ఇలా అందరూ తవ్వితే నియామేలో వరద తగ్గుతుందని ఎవరైనా చెప్పారా అని.

"నియామే కోసం ఎవరు తవ్వుతారు? నా సజ్జల కోసం తవ్వాను" అన్నాడు.

అదే సరైన మాట అని నాకనిపించింది. దిగువన ఉన్న నగరం కోసం ఎగువన ఉన్న పేదవాడిని త్యాగం చేయమంటే అతను చేయడు, చేయమనే హక్కు మనకు లేదు. అతని చేనుకు లాభం ఉంటే తవ్వుతాడు, నగరానికి మేలు దాంతోపాటే వస్తుంది. 1980ల నుంచి మారాడి ప్రాంతంలో జరిగింది అదే. టోనీ రినాడో అనే ఆస్ట్రేలియా ఆయన చేలలో నేలకింద బతికే ఉన్న చెట్ల మోడులను గుర్తించి, వాటి చిగుళ్లను కొట్టకుండా పెంచమని రైతులకు చెప్పాడు. నాటింది ఏమీ లేదు, నరకడం ఆపారు. అది లక్షల హెక్టార్లకు పాకింది. బుర్కినా ఫాసోలో యాకూబా సవదోగో అనే రైతు జాయ్ అనే పాతకాలపు విత్తు గుంటలను లోతు చేసి, ఎరువు వేసి, చెదలను రప్పించి బంజరులో అడవి పెంచాడు. ఇద్దరికీ 2018లో రైట్ లైవ్‌లీహుడ్ పురస్కారం వచ్చింది.

అర్ధచంద్రాలతో వరద ఆగిపోతుందని నేను చెప్పను. ఆగస్టులో ఒక రాత్రి గట్టి వానకు అన్నీ నిండి పొర్లాయి, కొన్నింటి కట్టలు తెగాయి, కోరి పారింది. వాన కూడా మారుతోంది. 1982 నుంచి ఉపగ్రహాలు చూసిన లెక్కలో సాహెల్‌లో అతి తీవ్రమైన గాలివానలు మూడింతలయ్యాయి. 2020 సెప్టెంబరులో నియామే దగ్గర నది 2012 మట్టాన్ని కూడా దాటి ఏడు మీటర్ల దాకా వచ్చింది. కరకట్టలు తెగాయి. అప్పటికి నేను ఇండియా వచ్చేశాను. మా డ్రైవరు ఫోనులో ఫొటోలు పంపాడు. 2012 తర్వాత అతను అదే జాగాలో, ఈసారి సిమెంటుతో కట్టుకున్న ఇల్లు, కిటికీల దాకా ఎర్రనీళ్లు. వేరే చోట జాగా కొనే స్తోమత అతనికి లేదు.

ఆ మరుసటి ఏడు, 2021 నవంబరులో, మా జిల్లాలోనే చిత్రావతి పొంగింది. చెన్నేకొత్తపల్లి దగ్గర ప్రవాహంలో చిక్కుకున్న పదిమందిని వైమానిక దళం హెలికాప్టరుతో బయటికి తీయాల్సి వచ్చింది. 2022 అక్టోబరులో అనంతపురం ఊళ్లోనే నడిమివంక ఇళ్ల మీదికి వచ్చింది. ఆ పొద్దు నేను అక్కడే ఉన్నాను. మా చిన్నాయన కూతురి ఇల్లు వంక పక్కన కాలనీలో. పిల్లలను భుజాల మీద వేసుకుని తెస్తుంటే ఆడవాళ్లు బియ్యం మూటల కోసం వెనక్కి చూస్తున్నారు. కాళ్ల కింద నీళ్ల రంగు నాకు తెలిసిన రంగే. వంకను ఆక్రమించారు, నిజం. చెరువులు నిండి మరవ పారాయి, నిజం. కానీ ఊరి చుట్టూ గుట్టలు ఎలా ఉన్నాయో ఆ రోజు టీవీలో మాట్లాడినవాళ్లలో ఒక్కరూ చెప్పలేదు. చెట్టు లేని గుట్ట, కంకర కోసం తవ్విన గుట్ట, ప్లాట్లుగా చదును చేసిన బీడు. ఏటా బుడ్డలే వేసి, గట్లు కలిపేసుకున్న వాలు చేలు. కొర్ర, కంది, ఆముదం కలిపి వేసిన కాలంలో ఏదో ఒక పైరు నేల మీద నవంబరు దాకా ఉండేది. ఇప్పుడు బుడ్డలు పీకేశాక అక్టోబరు వాన బోడి నేల మీద పడుతుంది.

నా పాత వలయాలు అక్కడే వదిలి వచ్చాను. మా ఊరి వెల్డింగు షాపులో అలాంటివే చేయించుకున్నాను. ఊరికి రెండు పక్కలా రెండు గుట్టలు, రెండింటి నుంచీ ఒక్కో చిన్న వంక. ఒక గుట్టకు ఉపాధి హామీ పనిలో కందకాలు తవ్వారు, మధ్యలో సీతాఫలం, కానుగ లేచాయి. రెండోది బోడిది. ఇద్దరు డిగ్రీ పిల్లలతో కలిసి రెండు కల్వర్టుల గోడలకూ రంగుతో అడుగులు, అంగుళాలు గీశాం. బడి మిద్దె మీద వానగొట్టం పెట్టాం. వాన పడినప్పుడల్లా టార్చిలు పట్టుకుని ఇద్దరూ చెరో కల్వర్టు దగ్గర కూర్చుని గంట గంటకూ మట్టం రాస్తున్నారు. చిన్న వానలకు కందకాల గుట్ట వంక రావడమే లేదు. పెద్ద వానకు వస్తుంది గానీ ఆలస్యంగా, తక్కువ మట్టంతో, రంగు తేలిగ్గా. బోడి గుట్ట వంక వాన ఆగే లోపలే కల్వర్టు నిండా ఎర్రగా వచ్చేస్తోంది.

ఉపాధి పనికి వచ్చే ఆడవాళ్లలో ఒకామె నన్ను నిలదీసింది. "గుట్ట మీద గుంతలు తీస్తే మాకేమొస్తాదప్పా, నీళ్లు కింద రెడ్లోళ్ల బోర్లకే గదా?" అంది. బాబా అడగాల్సిన ప్రశ్నే ఇది. ఆమె సంఘానికి కందకాల మధ్య సీతాఫలం చెట్ల మీద హక్కు రాసివ్వాలని గ్రామసభలో పట్టుబట్టాం. కాగితం ఇంకా రాలేదు, కాయలు మాత్రం పోయిన ఏడు వాళ్లే కోసుకున్నారు. రెండు వంకల లెక్కలున్న నోటుబుక్కు జిరాక్సు తీసి, బోడి గుట్టకూ కందకాలు మంజూరు చేయమని అర్జీకి జతచేసి మండలాఫీసులో ఇచ్చాం. వచ్చే ఎండాకాలం పనుల జాబితాలో ఆ గుట్ట పేరు రాశారు.